పీస్ లిల్లీకి ఏ ఎరువు? ద్రవాలు, పొడులు, గుళికలు, పుల్లలపై సమీక్ష

తక్కువ వెలుతురులోనూ పూసే ఇంటి మొక్క అనగానే ముందు గుర్తొచ్చేది పీస్ లిల్లీ. దీనికి వేయమని అమ్మే ఎరువులు ప్రధానంగా ఐదు రకాలు: సీసాలో వచ్చే ద్రవాలు, నీళ్లలో కరిగే పొడులు, పూత పూసిన గుళికలు, మట్టిలో గుచ్చే పుల్లలు, వర్మీకంపోస్టు వంటి సేంద్రియ ఎరువులు. వీటన్నిటినీ ఇక్కడ ఒకే ప్రశ్నతో పరీక్షిస్తున్నాం. మోతాదు మన చేతిలో ఉంటుందా, ఉండదా? ఈ మొక్క ఎరువు చాలక చచ్చిపోవడం చాలా అరుదు. ఎరువు ఎక్కువై కొసలు మాడడం, వేర్లు దెబ్బతినడం మాత్రం రోజూ చూసేదే.

తీర్పు ముందే చెప్పేస్తాం. నత్రజని ఎక్కువగా నైట్రేట్ రూపంలో ఉండి, కాల్షియం, మెగ్నీషియం కూడా కలిసిన 3-1-2 నిష్పత్తి (నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్లు) ద్రవం అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే 20-20-20 లేదా 19-19-19 పొడిని బాగా పలచగా వాడుకోవచ్చు. గుళికలు షరతులతో సరే. పుల్లలు వద్దు. పూలు విరగబూస్తాయని భాస్వరం దట్టించి అమ్మే పొడులు అసలే వద్దు.

ముందు వెలుతురు సంగతి

మొక్క తన ఆహారాన్ని వెలుతురుతో తానే తయారుచేసుకుంటుంది. ఎరువు ఆ పనికి కావలసిన ఖనిజాలు అందిస్తుంది, అంతే. వెలుతురు తగ్గితే ఎదుగుదల తగ్గుతుంది, దానితోపాటే వేర్లు లాక్కునే ఖనిజాలూ తగ్గుతాయి. లాక్కోగా మిగిలింది ఎక్కడికీ పోదు. లవణంగా కుండీలోనే పేరుకుంటుంది. పేరుకున్న లవణం నీటిని వేరులోకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క వాలిపోతుంది. దాన్ని చూసి ఆకలేమో అనుకుని ఇంకాస్త ఎరువు పోసేవాళ్లు చాలామంది.

కాబట్టి ఎరువు కొనే ముందు వెలుతురు కొలవాలి. ఫోన్‌లో లక్స్ (వెలుతురు కొలత) చూపించే యాప్ చాలు. అది కచ్చితంగా చూపించదు గానీ, ఏ స్థాయిలో ఉన్నామో తెలియడానికి పనికొస్తుంది. మధ్యాహ్నం పూట, ఆకుల ఎత్తులో, ఫోన్‌ను కిటికీ వైపు తిప్పి చూడండి. 500 లక్స్ లోపే ఉంటే మొక్క బతుకుతుంది గానీ పెరగదు. అక్కడ ఎరువు మాట మర్చిపోవచ్చు. 500 నుంచి 1000 మధ్య అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఇవ్వాలి. 1000 నుంచి 2500 దాకా మూడు నాలుగు వారాలకోసారి, అంతకు మించితే రెండు వారాలకోసారి. పూలు క్రమంగా రావాలంటే ఈ చివరి రెండు స్థాయిల్లో ఏదో ఒకటి ఉండాలి. నేరుగా పడే ఎండ మాత్రం ఆకుల్ని కాలుస్తుంది. గది 15 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడే రోజుల్లో ఏ వెలుతురులోనైనా ఎరువు ఆపేయాలి.

ఎరువుల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇది: కొన్నప్పుడు నిండా పూలున్నాయి, ఇంటికొచ్చాక ఏడాదైనా ఒక్కటీ రాలేదు, ఎరువు పనిచెయ్యలేదు అని. ఇందులో ఎరువు తప్పు లేదు. పీస్ లిల్లీని అమ్మకానికి పెంచేవాళ్లలో చాలామంది జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్‌ను ఒకసారి పిచికారీ చేస్తారు. ఆ తర్వాత సుమారు రెండున్నర మూడు నెలలకు మొక్కలన్నీ ఒకేసారి పూస్తాయి. ఆ ప్రభావం తీరిపోయాక మొక్క తన వయసు, వెలుతురు, కాలాన్ని బట్టే పూస్తుంది. ఏ ఎరువూ ఆ హార్మోన్ పని చెయ్యలేదు.

లేబుల్ మీద చూడాల్సినవి

మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. మొదటిది నత్రజని మూలకం శాతమే. మిగతా రెండూ ఆక్సైడ్ లెక్కలు. అసలు భాస్వరం ఎంతో తెలియాలంటే రెండో అంకెను 0.44తో, పొటాషియం కోసం మూడో అంకెను 0.83తో గుణించాలి. ఆకుల్లో ఉండే భాస్వరం నత్రజనిలో సుమారు పదో వంతు. 3-1-2 ఎరువులో అది ఏడో వంతు దాకా వస్తుంది, అంటే అవసరానికి సరిపడా ఉండి కాస్త మిగులు. 20-20-20లో నత్రజనిలో 44 శాతం. 10-52-10లో ఏకంగా నత్రజనికి రెండింతలు పైనే. ఆ మిగులు భాస్వరం కుండీలో ఊరికే ఉండిపోదు. ఇనుము, జింకు మొక్కకు అందకుండా అడ్డుపడుతుంది. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పాలిపోయి రావడానికి ఇదో కారణం. పూల కోసమని వేసిన పొడి చివరికి ఆకుల్ని చెడగొడుతుంది. భాస్వరం చాలకపోతే పూలు తగ్గుతాయన్నది నిజమే. చాలినంత ఉన్నచోట ఇంకా పోస్తే పూలు పెరుగుతాయన్నది మాత్రం నిజం కాదు.

అంకెల కన్నా ముఖ్యమైంది లేబుల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నత్రజని ఏ రూపంలో ఉందన్నది అక్కడే తెలుస్తుంది: నైట్రేట్, అమ్మోనియం, యూరియా. నైట్రేట్‌ను వేర్లు వెంటనే తీసుకోగలవు. యూరియా ముందు అమ్మోనియంగా, అది మళ్లీ నైట్రేట్‌గా మారాలి, ఆ పని చేసేవి మట్టిలోని సూక్ష్మజీవులు. చల్లగా, తడిగా, గాలి ఆడకుండా ఉండే కుండీలో ఈ మార్పు నెమ్మదిస్తుంది. అమ్మోనియం అక్కడే పోగుపడి వేర్లను దెబ్బతీస్తుంది. నీడలో ఉన్న కుండీ ఎక్కువ రోజులు తడిగా ఉండేదే కాబట్టి పీస్ లిల్లీకి ఈ విషయం బాగా పట్టించుకోవాల్సింది.

నైట్రేట్ ద్రవం

ఈ తరగతిలో బాగా తెలిసినది డైనా-గ్రో ఫోలియేజ్-ప్రో. అంకెలు 9-3-6, అంటే సరిగ్గా 3-1-2 నిష్పత్తి. కాల్షియం 2 శాతం, మెగ్నీషియం 0.5 శాతం, మిగతా సూక్ష్మపోషకాలు ఆ ఒక్క సీసాలోనే ఉన్నాయి. కాల్షియం, భాస్వరం రెండింటినీ ఒకే సీసాలో గడ్డకట్టకుండా ఉంచడం తేలిక కాదు. చాలా కంపెనీల ఎరువుల్లో కాల్షియం లేకపోవడానికి కారణం అదే. ఈ సీసాకు మొదటి స్థానం ఇవ్వడానికి మాకు అదొక్కటే చాలు.

లీటరు నీటికి 1 మిల్లీలీటరు కలిపితే నత్రజని సుమారు 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాములు) వస్తుంది. నీడలో మొక్కకు ఇది సరైన బలం. సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి ఉంటే కొలత పక్కాగా ఉంటుంది. సీసా మూతతో కొలవద్దు, మూతలోని గీతలు పెద్ద మోతాదుల కోసం. ఇదే నిష్పత్తిలో, నైట్రేట్ ఎక్కువగా ఉండే ఏ ద్రవమైనా ఇలాగే వాడుకోవచ్చు. లేబుల్ మీది మొదటి అంకెను చూసి లెక్కగట్టుకోవాలి.

లోపం కూడా ఉంది. నైట్రేట్ ఎక్కువున్న ఎరువు మట్టి ఆమ్ల-క్షార గుణాన్ని చెప్పే పీహెచ్‌ను మెల్లగా పైకి తోస్తుంది. మీ నీళ్లు ఇప్పటికే గట్టివైతే, అంటే కుళాయి చుట్టూ, కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కట్టేవైతే, ఆ రెండూ కలిసి పీహెచ్ 7 దాటిపోవచ్చు. పీస్ లిల్లీకి నచ్చేది 5.5 నుంచి 6.5. అలాంటి నీళ్లున్న ఇంట్లో మా తీర్పు తిరగబడుతుంది. అక్కడ అమ్మోనియం కలిసిన పొడే మేలు, అది పీహెచ్‌ను కిందికి దించుతుంది, కాల్షియం ఎలాగూ నీళ్లలోనే ఉంది.

20-20-20, 19-19-19, 24-8-16 పొడులు

ఇవి తేలికగా దొరుకుతాయి, చాలాకాలం నిల్వ ఉంటాయి, కరిగించడం సులువు. 20-20-20 పొడుల్లో చాలావాటిలో నత్రజని సగం దాకా యూరియానే. మిరకిల్-గ్రో 24-8-16 నిష్పత్తి 3-1-2 కావడం మంచిదే గానీ అందులోనూ ఎక్కువ భాగం యూరియా. వెలుతురు ఉండి, వెచ్చగా ఉన్న గదిలో ఇది పెద్ద సమస్య కాదు. నీడ మూలన చల్లటి తడి కుండీకి మాత్రం ఇవి రెండో ఎంపికే. నీలం రంగు చూసి మోసపోకండి. అది వట్టి రంగు, పోషకం కాదు.

లెక్క చాలా సులువు. లీటరు నీటిలో 1 గ్రాము 20-20-20 కరిగిస్తే నత్రజని 200 పీపీఎం. కాబట్టి 100 పీపీఎంకు అర గ్రాము. 19-19-19కూ అదే మోతాదు, తేడా లెక్కలోకి రాదు. 24-8-16 అయితే 0.4 గ్రాములు. లేబుల్ మీద ఉండే మోతాదు సాధారణంగా ఇంతకు రెండున్నర రెట్లు ఉంటుంది, ఎందుకంటే అది బయట వెలుతురులో పెరిగే మొక్కల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది.

అర గ్రాము తూచే త్రాసు ఇళ్లలో ఉండదు. చెంచాతో కొలిస్తే పొడి కూరుకున్నదాన్ని బట్టి ఎక్కువ తక్కువలు తప్పవు. అందుకని ముందు చిక్కటి ద్రావణం చేసిపెట్టుకోవాలి. మామూలు వంటింటి త్రాసు మీద 10 గ్రాములు తూచి, ముప్పావు లీటరు గోరువెచ్చని నీటిలో వేసి పూర్తిగా కరిగేదాకా కలిపి, తర్వాత లీటరుకు నింపండి. ఇందులో 50 మిల్లీలీటర్లు తీసి నీళ్లతో లీటరు చేస్తే సరిగ్గా అర గ్రాము పడినట్టు. సీసా రంగుదైతే మంచిది, వెలుతురు తగిలితే పాచి పడుతుంది. సీసా మీద పేరు, తేదీ, మోతాదు రాసి పిల్లలకు అందనిచోట పెట్టాలి. రెండు నెలలు దాటినా, పాచి వాసన వచ్చినా కొత్తది చేసుకోండి.

ఈ పొడుల్లో కాల్షియం ఉండదు, చాలావాటిలో మెగ్నీషియం కూడా నామమాత్రమే. గట్టినీళ్లు పోసేవాళ్లకు ఇది పట్టదు. ఆర్‌ఓ నీళ్లో వాననీళ్లో పోస్తూ, మొక్కను కోకోపీట్‌లో పెంచేవాళ్లకు మాత్రం ఏడాది తిరిగేసరికి తేడా కనిపిస్తుంది. నీళ్లలో ఆ రెండూ లేవు, ఎరువులో లేవు, పైగా కోకోపీట్ తన దగ్గరకొచ్చిన కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా పొటాషియం, సోడియం వదులుతుంది. దీనికి మందు కాల్షియం నైట్రేట్. అంకెలు 15.5-0-0, కాల్షియం 19 శాతం. ఒకసారి 20-20-20, మరుసటిసారి లీటరుకు అర గ్రాము కాల్షియం నైట్రేట్, ఇలా మార్చి మార్చి ఇవ్వాలి. రెండింటి చిక్కటి ద్రావణాలను ఒకే సీసాలో ఎప్పుడూ కలపకూడదు. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు చేరతాయి, ఆ మడ్డి మళ్లీ కరగదు, మొక్కకు అందదు. ఎప్సమ్ సాల్ట్‌ను (మెగ్నీషియం సల్ఫేట్) కూడా కాల్షియం నైట్రేట్ చిక్కటి ద్రావణంతో కలపవద్దు, జిప్సం గడ్డకడుతుంది.

పూత పూసిన గుళికలు

ఆస్మోకోట్ ప్లస్ 15-9-12 లాంటివి ఈ రకం. ఎరువు చుట్టూ రెజిన్ పూత ఉంటుంది. తేమ లోపలికి వెళ్లి ఎరువును కరిగిస్తుంది, అది పూతలోంచి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఎంత వేగంగా వస్తుందన్నది ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. ప్యాకెట్ మీద ఆరు నెలలని రాసి ఉంటే అది సుమారు 21 డిగ్రీల దగ్గర లెక్క. 30 డిగ్రీల గదిలో అంతకన్నా చాలా ముందే అయిపోతుంది, అంటే రోజువారీ మోతాదు పెరుగుతుంది. గుళికకు వేడి తెలుస్తుంది గానీ వెలుతురు తెలియదు. నీడలో ఉన్న మొక్కకు ఇదే చిక్కు. గది వెచ్చగా, చీకటిగా ఉంటే మొక్క అడగకపోయినా గుళిక ఇస్తూనే ఉంటుంది.

ఎంత తేడా వస్తుందో ఒక 2 లీటర్ల కుండీకి లెక్క వేసి చూద్దాం. లీటరు మట్టికి 3 గ్రాములన్నది మామూలు మోతాదు. అంటే 6 గ్రాముల గుళికలు, అందులో 15 శాతం నత్రజని, మొత్తం 900 మిల్లీగ్రాములు. అదే కుండీకి 100 పీపీఎం ద్రావణం 300 మిల్లీలీటర్లు పోస్తే ఒక్కోసారికి 30 మిల్లీగ్రాములు. నాలుగు వారాలకోసారి చొప్పున ఆరు నెలల్లో 200 దాటదు. గుళికలు నాలుగు రెట్లకు పైగా ఇచ్చాయి. వాటినే వాడాలనుకుంటే లీటరు మట్టికి 1 గ్రాము మించకుండా, 1000 లక్స్ పైన ఉన్న మొక్కకే వేయండి. ఆ పైన ద్రవం, పొడి ఏదీ కలపవద్దు. మట్టిపైన ఒక్కచోట కుప్పగా కాకుండా చుట్టూ చల్లి, ఒక సెంటీమీటరు లోతున కలపాలి. నలిగిన గుళికలు పారేయండి, పూత పగిలితే ఉన్నదంతా ఒకేసారి వదిలేస్తాయి. నెలలు గడిచినా గుళిక ఆకారం అలాగే ఉంటుంది, దాన్ని చూసి ఇంకా ఎరువుందని అనుకోవద్దు. నొక్కి చూస్తే తెలుస్తుంది, లోపల నీళ్లే ఉంటే అది ఖాళీ తొడుగు.

మరచిపోయే అలవాటున్నవాళ్లకు, తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు ఈ రకం పనికొస్తుంది. తేడా వస్తే వెనక్కి తీసుకునే వీలు లేకపోవడమే దీని లోటు.

పుల్లలు

ఎక్కువ రాయాల్సిందేమీ లేదు. గట్టిగా అదిమిన ఎరువును మట్టిలో గుచ్చితే దాని చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మేర లవణం చిక్కబడుతుంది, అక్కడి సన్నవేర్లు మాడతాయి, కుండీ అవతలి వైపుకు ఏమీ చేరదు. పీస్ లిల్లీ వేర్లు మెత్తగా, దట్టంగా, పైపొరలోనే ఎక్కువగా ఉంటాయి. దానికి ఇంతకన్నా పడనిది లేదు.

సేంద్రియ ఎరువులు

వర్మీకంపోస్టు మంచిదే, కాకపోతే ఎరువుగా దాని బలం తక్కువ. నత్రజని సాధారణంగా ఒకటి రెండు శాతమే, అదీ సూక్ష్మజీవులు విడగొట్టాక. 15 సెంటీమీటర్ల కుండీకి మూడు నెలలకోసారి రెండు పెద్ద చెంచాలు పైన చల్లి వేళ్లతో కలిపితే చాలు. మట్టి మిశ్రమంలో ఐదో వంతు మించి కలిపితే అది మేటవేసి గాలి సందులు మూసేస్తుంది, నీడ కుండీ ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే సన్నటి నల్ల దోమలు చేరతాయి. వాటి పురుగులు పెరిగేది ఆ సేంద్రియ పదార్థంలోనే. చల్లిన వర్మీకంపోస్టు మీద అర అంగుళం గరుకు ఇసుక పరిస్తే చాలావరకు తగ్గుతాయి.

చేపల ద్రవం, 5-1-1 అంకెలతో వచ్చేది, ఆకులకు పనిచేస్తుంది గానీ మూసిన గదిలో ఆ వాసన భరించడం కష్టం. నూనె చెక్కలను పులియబెట్టి పోయడం కూడా ఇంటి లోపలికి పనికిరాదు, కారణం అదే, పైగా బలం ఎంతో కొలవలేం. సముద్రపు నాచు ద్రవంలో నత్రజని దాదాపు ఉండదు. దాన్ని టానిక్‌గా వాడుకోవచ్చు, ఎరువుకు బదులుగా కాదు. పండ్ల తొక్కలు నానబెట్టిన నీళ్లలో కొద్దిగా పొటాషియం, దోమల్ని పిలిచే చక్కెర తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు.

పోసే పద్ధతి

ఏ ఎరువు కొన్నా ఎండిన మట్టిలో పోయకూడదు. మొక్క వాలి ఉంటే ముందు మామూలు నీళ్లు పోసి, అది నిలబడ్డాక, మరుసటి రోజు ఎరువు నీళ్లు ఇవ్వాలి. ఎండిన వేరు చుట్టూ ఉన్న కొద్దిపాటి నీటిలో లవణం ఇప్పటికే చిక్కబడి ఉంటుంది, దానికి మరింత లవణం చేరితే వేరులోని నీరే బయటికి లాగబడుతుంది.

15 సెంటీమీటర్ల కుండీకి సుమారు 300 మిల్లీలీటర్లు, మట్టి అంతటా చుట్టూ తిప్పుతూ, అడుగు నుంచి కొద్దిగా కారేదాకా పోయండి. కింది పళ్లెంలోకి దిగింది పావుగంట తర్వాత పారబోయాలి. దాన్ని అలాగే వదిలేస్తే మట్టి మళ్లీ పీల్చుకుంటుంది, కడిగిపోవాల్సిన లవణం తిరిగి వేర్ల దగ్గరికే చేరుతుంది. బలం ఎప్పుడూ 100 పీపీఎం దగ్గరే ఉంచి, వెలుతురు మారినప్పుడు రోజుల ఎడం మార్చుకోవడం మేలు. బలం మార్చుతూ పోతే ఎప్పుడో ఒకసారి లెక్క తప్పుతుంది.

కుండీ మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఏమీ ఇవ్వద్దు. కొన్న మట్టి మిశ్రమంలో సాధారణంగా ముందే కొంత ఎరువు కలిపి ఉంటుంది, పైగా కుండీ మార్చేటప్పుడు తెగిన వేర్లు మానాలి. అడుగున నీళ్లు నిలవుండే కుండీల్లో లవణం ఎప్పటికీ కిందికి కారదు, పైపొరలో పేరుకుంటుంది. వాటికి మోతాదు సగం చేసి, రెండు నెలలకోసారి పైనుంచి కడగాలి. ఆకుల మీద ఎరువు చల్లడం ఈ మొక్కకు లాభం లేని పని. మైనపు పొర ఉన్న ఆకు పీల్చుకునేది కొంచెమే, మిగిలింది మచ్చలుగా ఎండిపోతుంది.

తేడా వస్తే ఎలా గుర్తుపట్టాలి

అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు కొత్త ఆకు. ఇప్పుడే విచ్చుకున్న ఆకు దాని ముందు వచ్చిన ఆకంత ఉండి, అదే పచ్చదనంతో ఉంటే మోతాదు సరిపోయింది. వరసగా రెండు మూడు ఆకులు చిన్నవవుతూ, ముదురాకులు మొత్తంగా పాలిపోతూ ఉంటే నత్రజని చాలడం లేదు. ముదురాకుల అంచులు పసుపెక్కి, కాడ దగ్గర మాత్రం త్రికోణంలా పచ్చదనం మిగిలితే మెగ్నీషియం లోపం. మొక్క దాన్ని పాత ఆకుల్లోంచి లాగి కొత్తవాటికి పంపుతుంది. లీటరుకు 1 గ్రాము ఎప్సమ్ సాల్ట్ కలిపి ఒకసారి పోసి, నెల తర్వాత ఇంకోసారి పోయండి. పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తవి ఎలా వస్తున్నాయో చూడాలి. దీనికి విరుద్ధంగా లేతాకులు ఈనెల మధ్య తెల్లబడితే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా పీహెచ్ ఎక్కువైతే వేరు తీసుకోలేదు. అప్పుడు ఏ చిలేట్ (ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే పదార్థం) కొంటున్నామన్నది చూసుకోవాలి. ఈడీటీఏ రూపం పీహెచ్ 6.5 దాటితే నిలవదు, డీటీపీఏ 7.5 దాకా, ఈడీడీహెచ్‌ఏ అంతకు పైన కూడా పనిచేస్తాయి.

గోధుమరంగు కొసలు మాత్రం తికమక పెడతాయి. నీళ్లు చాలకపోయినా వస్తాయి, గాలి పొడిగా ఉన్నా వస్తాయి, లవణం ఎక్కువైనా వస్తాయి. మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పెచ్చు ఉండి, కొసల గోధుమరంగు చుట్టూ సన్నటి పసుపు గీత కనిపిస్తే లవణాన్నే ముందు అనుమానించాలి. నీళ్లలోని లవణాన్ని విద్యుత్ వాహకత ద్వారా కొలిచే ఈసీ మీటర్ ఉంటే సందేహమే అక్కర్లేదు. మామూలుగా నీళ్లు పోసి, పళ్లెం ఖాళీ చేసి, అరగంట ఆగి, పైన 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, కిందికి దిగిన మొదటి 50 మిల్లీలీటర్లను కొలవండి. 1 నుంచి 2 మిల్లీసీమెన్స్ అయితే బాగుంది. 3 దాటితే కడగాలి. యూరియా ఎక్కువున్న పొడి వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. యూరియా నీళ్లలో అయాన్లుగా విడిపోదు, కాబట్టి మీటర్‌కు కనిపించదు. పోసిన రోజు తక్కువ అంకె చూసి సంతోషిస్తే, అది అమ్మోనియంగా మారాక వారానికి అంకె పెరుగుతుంది.

కడిగే పద్ధతి ఇది. పైన పెచ్చు కట్టిన ఒక సెంటీమీటరు మట్టి తీసేయండి. కుండీని సింకులో పెట్టి, కుండీ పరిమాణానికి రెండింతలు, అంటే 2 లీటర్ల కుండీకి 4 లీటర్ల నీళ్లు, నాలుగు విడతలుగా పది నిమిషాల ఎడంతో పోయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి తప్ప లోపలి లవణం కరగదు. గట్టినీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ యంత్రం నుంచి వచ్చే నీళ్లు దీనికి వాడవద్దు, అందులో సోడియం ఉంటుంది. ఆ తర్వాత నెల పదిహేను రోజుల దాకా ఎరువు వద్దు. మాడిన కొసల్ని ఆకు ఆకారంలోనే కత్తిరించండి, పచ్చభాగం తెగకుండా సన్నటి గోధుమ అంచు వదిలేస్తే మళ్లీ మాడదు.

తెల్లగా రావాల్సిన పువ్వు పచ్చగా ఉందంటే వెంటనే ఎరువును నిందించకండి. విచ్చుకునేటప్పుడు లేతపచ్చగా ఉండి, తెల్లబడి, వారాలు గడిచాక మళ్లీ పచ్చబడడం దాని సహజమే. పువ్వు ఒక్కరోజు కూడా తెల్లగా లేకుండా, ఆకులు కూడా మరీ ముదురుపచ్చగా, మెత్తగా, భారీగా పెరుగుతుంటే మాత్రం నత్రజని తగ్గించి రెండు విడతలు మానేసి చూడాలి.

చివరగా నిల్వ గురించి. పొడి తేమ పీల్చి గడ్డకట్టినా పాడైనట్టు కాదు. కరిగితే పనిచేస్తుంది, కాకపోతే నీటి బరువు కలిసి ఉంటుంది కాబట్టి తూచిన బరువులో అసలు ఎరువు కాస్త తక్కువే ఉంటుంది. ద్రవం సీసా అడుగున చలికి స్ఫటికాలు కడితే పైపైన ఉన్నది పోసుకోకూడదు, పోషకాల పాళ్లు మారిపోతాయి. మూత బిగించి సీసాను గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచి, అంతా కరిగేదాకా కుదిపి, అప్పుడు కొలవండి.